పొద్దుకు వీపు పెట్టి

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు ఆయన ముఖం గుర్తుకు రాలేదు, వీపు గుర్తుకొచ్చింది. ఎండకు కమిలిపోయి, భుజాల దగ్గర వల తాడు ఒరుసుకున్న పాత మచ్చలతో, నడుమ వెన్నెముక తేలి కనపడే వీపు. సముద్రం ఒడ్డున ఎవరైనా సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. వేటకు పోయి అలసి వచ్చినవాళ్ళయినా, ఆదివారం నెల్లూరు నుంచి కారేసుకుని వచ్చినవాళ్ళయినా అంతే. పొద్దున్నే సూర్యుడు నీళ్ళలోంచి పైకి లేస్తుంటే అటు వీపు పెట్టి, ఊరి వైపు చూస్తూ కూర్చునే మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. కాదు, ఇద్దరిని చూశాను. పక్కన ఆయన భార్య ఉండేది.

ఫోన్ చేసింది, నేను ఇంతకు ముందు పనిచేసిన రొయ్యల హేచరీలో వంట చేసే అక్క. "మేడం, మన పెద్దాయన పొయ్యినాడు. గుండెల్లో నొప్పన్నాడంట. అల్లూరు ఆస్పత్రికి తీసకపొయ్యేలోపలే అయిపొయ్యింది" అంది. "గదిలో రేత్రి చేసేసి, బయటికొచ్చి అన్నం కేరేజీ ముందర పెట్టుకోని కూచున్నాడు మేడం, అట్టనే ఒరిగిపొయ్యినాడు" అని చేర్చింది. గదిలో రాత్రి చేయడమంటే ఏమిటో బయటివాళ్ళకు అర్థం కాదు. నాకు అర్థమైంది. ఫోన్ పెట్టేసి, అద్దె గదిలో మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆయన నాకు చుట్టం కాదు, పక్కం కాదు. ఏమీ కాని మనిషి కోసం అంత ఏడుపు రావడం నాకే వింతగా అనిపించింది.

చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆ హేచరీలోనే. అల్లూరు దాటి, వరి మళ్ళు దాటి, రొయ్యల చెరువులు దాటి, తారు రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట ఉండేది. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని తయారుచేసి చెరువుల వాళ్ళకు అమ్మేవాళ్ళు. ఎమ్మెస్సీ జువాలజీ చదివిన ఆడపిల్ల ఈ ఇసకలో ఎన్నాళ్ళుంటుందిలే అని అక్కడ అందరూ అనుకున్నారు. నాకు నోరు ఎక్కువ, పంతం అంతకంటే ఎక్కువ. వాళ్ళు అలా అనుకున్నారన్న ఒక్క కారణంతో ఏళ్ళ తరబడి ఉన్నాను. ఉండడానికి రేకుల క్వార్టర్ ఇచ్చారు. మాట్లాడడానికి గోడలు ఉండేవి. సాయంత్రమైతే సముద్రం చప్పుడు, మోటర్ల చప్పుడు తప్ప మనిషి చప్పుడు ఉండేది కాదు.

తల్లి రొయ్యల గదికి కిటికీలు లేవు. తలుపుకు లోపల నల్లగుడ్డ వేలాడేది. రొయ్యలు జత కట్టడం, గుడ్లు పెట్టడం అన్నీ చీకటి పడ్డాకే. వాటి రాత్రి కోసం కాచుకుంటే మనుషులకు నిద్ర ఉండదు. అందుకని ఆ గదిలో పగలూ రాత్రీ తిరగేసి పెడతారు. ఊరంతా నిద్రపోతున్నప్పుడు అక్కడ లైట్లు వెలుగుతుంటాయి. బయట జనం మధ్యాహ్నం అన్నాలకు లేచే వేళకు అక్కడ పొద్దు గూకుతుంది. ఆ పొద్దు గూకించడమే పెద్దాయన పని.

చేరిన రోజే నాకు ఆయన తగిలాడు. అన్నం తిని, ఫోన్ లైటు వేసుకుని ఆ గది తలుపు తోశాను. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా ఫోన్ మీద తువ్వాలు కప్పేసింది.

"రేత్రయిందమ్మా" అంది ఒక గొంతు గుసగుసగా. "లైటు కొట్టబాకండి."

"మిట్టమధ్యాహ్నం రాత్రేంటయ్యా" అన్నాను.

"బయట మద్దేనమేలే. తలుపు దాటినాక మాత్రం ఈడి పొద్దే లెక్క."

ఆ గుసగుస ఆయనకు గదిలోనే ఆగిపోలేదు. బయట ఎండలో, టీ తాగేటప్పుడు, జీతాల రోజున కూడా అదే గొంతు. "పెద్దాయనా, రొయ్యలన్నీ లోపలుండాయి, కొంచెం గట్టిగా చెప్పు" అని కుర్రకారు ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వి, మళ్ళీ గుసగుసగానే బదులిచ్చేవాడు. గదిని చీకటి చేసి బయటికొచ్చి, వేపచెట్టు నీడలో కేరేజీ విప్పుకుని తినేది మధ్యాహ్నం అన్నమే అయినా, దాన్ని ఆయన రాత్రన్నం అనేవాడు. "రేత్రన్నం తింటారామ్మా" అని నన్ను పిలిచేవాడు. ఎర్రగా మండే ఎండలో ఆ పిలుపు వింటే నాకు నవ్వొచ్చేది.

ఆ గది గోడకు ఫ్యాన్ రెగ్యులేటర్లలాంటివి వరసగా ఉండేవి, ఒక్కో బల్బుకు ఒక్కోటి. ఆయన వాటిని కొద్దికొద్దిగా తిప్పుకుంటూ, మధ్యలో ఆగి నీళ్ళలోకి తొంగిచూస్తూ, మళ్ళీ తిప్పేవాడు. ఒక్క స్విచ్చితో పోయేదానికి ఇంతసేపెందుకని ఒకరోజు విసుక్కున్నాను.

"సూర్యుడు స్విచ్చాపినట్టు పోడు గదమ్మా" అన్నాడు. "టక్కన చీకటైతే జడుసుకుంటాయి."

అది నిజమే. మా పుస్తకాల్లోనూ ఉంది. పుస్తకాల్లో లేనిది ఇంకోటి చేసేవాడు. మిగతా బల్బులన్నీ ఆపేశాక పడమటి మూల బల్బును మాత్రం చివర్లో ఆపేవాడు. రొయ్యకు తూర్పేమిటి, పడమరేమిటి, దానికేం తెలుస్తుంది అన్నాను. "దానికి తెలస్తాదో లేదో మనకేం తెలుసమ్మా. మనకి తెలుసు గదా, మనం సరిగ్గా చేద్దాం" అన్నాడు. ఇంక వాదించలేదు. ఆయనతో వాదిస్తే మనమే గొంతు తగ్గించాల్సి వచ్చేది, నాకది చేతకాదు.

రెండు విషయాల్లో మాత్రం ఆయన మీద నాకు కోపం వచ్చేది. ఒకటి, తల్లి రొయ్యలకు కన్ను తీసే రోజు మాయమైపోవడం. ఒక కన్ను తీసేస్తే తల్లి రొయ్య తొందరగా గుడ్లకు వస్తుంది. గుడ్లను ఆపే పదార్థం కంటి కాడలో తయారవుతుంది కాబట్టి హేచరీల్లో అది మామూలు పని. ఆ రోజు పెద్దాయన ఏదో ఒక సాకుతో బయటికి పోయి, సముద్రం ఒడ్డున బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు. "జాలి నీకొక్కడికే ఉన్నట్టు పోతావే" అని అడిగేశాను. "జాలి గాదమ్మా. ఇంట్లో ఒకటుండాది. ఈడ గూడానా అని" అన్నాడు. ఏముందో నేను అడగలేదు. ఇంకొకటి, ఆయన నిద్ర. కొన్ని రోజులు హుషారుగా ఉండేవాడు. కొన్ని రోజులు రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టుకునే కునికేవాడు. రాత్రంతా ఏం చేస్తావయ్యా అంటే, "మేలుకోని ఉంటామ్మా" అనేవాడు, అదేదో ఉద్యోగమైనట్టు.

ఒకరోజు ఆ గది లైట్ల వైరు కాలిపోయింది. గాలి మోటర్లు వేరే లైను కాబట్టి రొయ్యలకు ప్రాణగండం లేదు కానీ, గదిలో వాటి పగలంతా వెలుగన్నదే లేదు. ఎలక్ట్రీషియన్ అల్లూరు నుంచి రావాలి. పొద్దుటి నుంచి ఎర్రకాగితం చుట్టిన టార్చితో నేనూ పెద్దాయనా అక్కడే ఉన్నాం. అంత చీకట్లోనూ రొయ్యలు అడుగున కదలకుండా పడున్నాయి. భోజనాల వేళ అయింది. రోజూ ఆయన పొద్దు గూకించే వేళ. ఒకటి లేచింది. తర్వాత రెండు, తర్వాత చాలా. కాసేపట్లో తొట్టి అంతా ఈదుతున్నాయి.

పెద్దాయన తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

"నేను పొద్దు గూకించలా గదమ్మా" అన్నాడు. "చీకటి పొద్దన్నించీ ఉండాది. అప్పుడు లేవకుండా ఇప్పుడే లేసినాయేంది? ఎవురు చెప్పినారు వాటికి?"

ఆ గొంతులో కొంచెం నొచ్చుకోవడం కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నది ఆయన చెయ్యి తిప్పితేనే వాటికి సాయంత్రమవుతుందని. నాకు మాత్రం ఉత్సాహం వచ్చేసింది. కాలేజీ వదిలాక నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. అక్కడే బోర్లించిన బకెట్ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

క్రేఫిష్ అని ఒకటుంది. మన రొయ్యకు దాయాది లాంటిది, పట్టకారులాంటి పెద్ద కొండీలతో చిన్న ఎండ్రకాయలాగా కూడా ఉంటుంది. మన వైపు లేదు, చల్లటి దేశాల ఏళ్ళలో రాళ్ళ కింద బతుకుతుంది. పగలు దాక్కుంటుంది, పొద్దుగూకితే బయటికి వస్తుంది. దాన్ని తెచ్చి, వెలుగన్నదే లేని చీకట్లో పెట్టి చూశారు. అయినా అది బయట పొద్దుగూకే వేళకే నడక మొదలుపెట్టింది. పగలుకొక తీరు, రాత్రికొక తీరు కన్ను మారడం కూడా ఆ చీకట్లో ఆగలేదు. ఒంట్లోనే గడియారం ఉంది దానికి. అయితే ఆ గడియారం సరిగ్గా నడవదు. రోజూ కొంచెం వెనకో ముందో జరుగుతుంది. రోజూ దాన్ని సరిచేసేది వెలుగే. వెలుగు అందకపోతే అలా జరిగి జరిగి, కొన్నాళ్ళకు దాని రాత్రి వచ్చి మన పగలు మీద పడుతుంది.

ఇంకా ఏదో చెప్పాలనిపించి తోక సంగతి కూడా చెప్పాను. క్రేఫిష్‌కు కళ్ళే కాదు, తోక దగ్గర నరాల్లో కూడా వెలుగు తెలిసే చోటు ఒకటుంది. దాని మీద వెలుగు పడితే కళ్ళతో పని లేకుండా కదులుతుంది.

ఎర్ర టార్చి వెలుగులో ఆయన ముఖం సరిగ్గా కనపడలేదు. తర్వాత, "ఇంట్లో మనిసి ఉండాదమ్మా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. భార్యకు నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చి రెండు కళ్ళూ పోయాయి. మసక కూడా తెలియదు, ఎదురుగా దీపం పెట్టినా తెలియదు. అంతకు ముందు ఆయన వేటకు పోయేవాడు. ఆమెను ఒక్కదాన్ని వదలలేక పడవ మానేసి ఇంటికి దగ్గరని హేచరీలో చేరాడు. కళ్ళు పోయిన కొన్నాళ్ళకు ఆమె నిద్ర చెడింది. కొన్ని రోజులు అందరితో పాటే పడుకుని అందరితో పాటే లేస్తుంది. తర్వాత లేవడం ఆలస్యమవుతుంది, రోజురోజుకూ ఇంకా ఆలస్యమవుతుంది. చివరికి పగలంతా ఒళ్ళు తెలియకుండా నిద్ర, రాత్రంతా మెలకువ. ఊరంతా పడుకున్నాక లేచి గిన్నెలు తోముతుంది, వాకిలి ఊడుస్తుంది. పక్కింట్లో ఉండే ఆయన చెల్లెలు, పగలు పడుకుని రాత్రి ఇల్లూడ్చే ఆడదాన్ని యాడా చూళ్ళేదు అని వాకిట్లో నిలబడి అంటుంది. తాయెత్తు కట్టించారు. నిద్రమాత్రలు తెచ్చారు.

"నేను గూడా తిట్టినానమ్మా. నాటకాలాడతుండావా అని. నేను లేసేటప్పటికి ఆమె పండుకుంటాది, ఆమె లేసేటప్పటికి నేను పండుకుంటా. ఒగ ఇంట్లోనే ఉండాం, ఒగరికొగరం లేం. ఆమెతో పాటు మేలుకుందామని చూస్తా, ఈడ కునుకుతా, మీరు తిడతారు." ఈదుతున్న రొయ్యల వైపు చూస్తూ, "వెలుగందక జరగతుండాదన్న మాట. మీరు చెప్పిన దానికి మాదిరే" అన్నాడు.

"అంతే అయ్యుండొచ్చు పెద్దాయనా. కళ్ళు పూర్తిగా పోయినవాళ్ళలో కొందరికి అలా అవుతుంది."

"అయితే ఆమె తప్పు గాదు."

"కాదు."

"ఆమె తప్పు గాదు" అని ఇంకోసారి అనుకున్నాడు. ఆ రోజు ఆయన చేయాల్సిన సాయంత్రం లేదు. అయినా అలవాటు కొద్దీ పడమటి మూలకు పోయి, వెలగని బల్బు రెగ్యులేటర్ తిప్పి వచ్చాడు.

తర్వాత కొద్ది రోజులకు పొద్దున్నే ఒడ్డుకు నడవడానికి పోయాను. సూర్యుడు అప్పుడే నీళ్ళు వదిలి పైకి వస్తున్నాడు. ఇసక దిబ్బ మీద ఇద్దరు ఊరి వైపు తిరిగి కూర్చున్నారు. పెద్దాయన చొక్కా విప్పేసి ఉన్నాడు. పక్కన ఆమె, జడ ముందుకు వేసుకుని, వీపు మీది కొంగు పక్కకు తీసి, మెడ వంచి కూర్చుంది. వల లాగుతున్న వాళ్ళలో ఒకడు, "ఏందన్నా, సముద్రం మీద అలిగినావా?" అని అరిచాడు. "అలక్కాదురా, పనిలో ఉండా" అన్నాడు పెద్దాయన. జీవితంలో మొదటిసారి ఆయన గట్టిగా మాట్లాడగా విన్నాను.

నన్ను చూసి సంబరంగా లేచాడు. "మనకి తోక లేకపొయ్యినా ఎన్నుబూస ఉండాది గదమ్మా. తోక ఉండాల్సింది దాని కొసనే గదా. అందుకని ఈపుకి పొద్దు చూపిస్తుండా."

నోరున్నదాన్నని పేరు నాకు. ఆ పూట ఇసకను కాలితో గీస్తూ నిలబడ్డాను. ఆయన మళ్ళీ కూర్చుని, లుంగీకి అంటిన ఇసక దులుపుకుని, భార్య వైపు వంగాడు.

"మే, వొచ్చిందా పొద్దు?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "ఆఁ. వొచ్చింది" అంది.

ఆయన నా వైపు చూసి నవ్వాడు. అంత నవ్వు ఆయన ముఖంలో అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. నేను కూడా ఏదో నవ్వాననిపించి వచ్చేశాను. అది నా తప్పని ఇప్పటికీ అనుకోను. నేను చెప్పింది క్రేఫిష్ గురించి. కానీ ఆ మాట పట్టుకుని ఒక మనిషి రోజూ తెల్లవారకముందే లేచి, భార్య చెయ్యి పట్టుకుని, ఇసకలో నడిపించుకుని వస్తున్నాడు. వానాకాలం వచ్చింది, మబ్బులు కమ్మాయి. మబ్బు రోజుల్లో కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. మా క్వార్టర్ మెట్ల మీద నుంచి చూస్తే రెండు వీపులు కనపడేవి. చూసి, ఒక్కదాన్నే లోపలికి వచ్చి ఒక్క కప్పు టీ పెట్టుకునేదాన్ని. చెప్పడానికి సిగ్గేమీ లేదు, ఆ రెండు వీపులను చూస్తే నాకు కుళ్ళుగా కూడా ఉండేది.

ఒకరోజు ఇంక ఉండబట్టలేక, ఆయన గదిలో రెగ్యులేటర్లు తిప్పుతుంటే చెప్పేశాను. "పెద్దాయనా, మనిషికి వీపులో అలాంటిదేమీ లేదు. మనిషి గడియారానికి వెలుగు కళ్ళలోంచే అందాలి."

ఆయన చెయ్యి ఆగలేదు. "తెలుసమ్మా" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నిద్దర జరగతానే ఉండాది గదమ్మా. ముందు మాదిరే. ఒగో పొద్దు ఆడ కూచోనే నా బుజాన పడి నిద్దరపోతాది. మొదుట్లోనే తెలిసిపొయ్యింది నాకు."

"మరెందుకయ్యా రోజూ ఆ తిప్పలు?"

చివరి బల్బు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. దాన్ని ఎప్పటికంటే మెల్లగా తగ్గించాడు.

"అడిగితే వొచ్చిందంటాది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొకం చూడండమ్మా. కండ్లు పొయ్యిన కాడ్నించీ ఆమె నాకిచ్చేది ఏం లేదని కుమిలిపోతాది. ఆ ఒక్క మాట నాకిచ్చినట్టు చెప్తాది. నేనెట్టా కాదంటా? ఆమెకి మాత్రం చెప్పబాకండి. ఆమె నమ్మతుండాది." అప్పటికి గది పూర్తిగా చీకటైంది. ఆ చీకట్లోంచే, "ఆ గంటసేపు ఇద్దరం మేలుకోనుంటామ్మా. అది చాల్లే" అన్నాడు.

తర్వాత నేను నెల్లూరులో రొయ్యల మేత పరీక్ష చేసే ల్యాబ్‌లో చేరి వచ్చేశాను. బయల్దేరే రోజు ఆయన బస్సు దాకా వచ్చి, అదే గుసగుసగా, "అప్పుడప్పుడూ రండమ్మా" అన్నాడు. వెళ్ళలేదు. నెల్లూరులో నాకు పగలు పగలే, రాత్రి రాత్రే. అలారం మోగితే లేస్తాను. ఎవరూ నన్ను ఏమీ అడగరు.

కర్మ అయిపోయాక వెళ్ళాను. మధ్యాహ్నం దాటింది. ఆయన చెల్లెలు వాకిట్లో చాప వేసింది. "నిద్దరపోతా ఉండాది మేడం. మొగుడు పొయ్యినా ఆ నిద్దర మాత్రం మారలా" అంది. నాకు ఒళ్ళు మండింది. "మారదు. అది ఆమె చేతిలో లేదు. మీ అన్నకు తెలుసు ఆ సంగతి" అన్నాను. ఆమె వాళ్ళింట్లోకి పోయింది.

పొద్దుగూకే వేళకు లోపల కదిలిన చప్పుడైంది. గోడ తడుముకుంటూ వచ్చి, "ఎవురు?" అంది.

"నేనమ్మా. హేచరీలో పనిచేసేదాన్ని. పెద్దాయనకు తెలుసు నేను."

"తోక మేడమా?" అంది వెంటనే. ఏడుస్తుందనుకున్న మనిషి నవ్వింది. "మీరు పొయ్యినా మీ తోక కత పోలా మా ఇంట్లో. కూచోండమ్మా. ఇప్పుడేం పొద్దు?"

"సాయంత్రమమ్మా. చీకటి పడబోతోంది."

"అట్టనా. నాకిప్పుడే తెల్లారింది."

నా పక్కన చాప మీద కూర్చుంది. కాసేపు ఆయన సంగతులే చెప్పుకున్నాం. గుసగుసగా మాట్లాడడం, రాత్రన్నం, అన్నీ. నవ్వుకున్నాం కూడా. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. ఆయన గొంతులాగే అయింది.

"మీకొక మాట చెప్తా మేడం. ఆయనుండంగా ఎవురికీ చెప్పలా. నాకు ఎప్పుడూ తెలిసింది లేదు. ఎండెక్కితే ఈపు సుర్రుమనేది, అంతే. లోపల నాకు నడిరేత్రే. ఒగో పొద్దు నిద్దర ఆపుకోలేక నాలిక కరుచుకోని కూచునేదాన్ని."

"మరి వచ్చిందని చెప్పేదానివి కదమ్మా? మబ్బు పట్టిన రోజు కూడా?"

"ఆయన అడగబొయ్యే ముందర లుంగీ దులుపుకునేవాడు. ఆ సప్పుడు ఇని తయారుగా ఉండేదాన్ని. అంత ఆశగా అడిగేవాడు, లేదని ఎట్ట చెప్పేది? లేదంటే రేపట్నించీ ఆ ఇసకలోకి ఎందుకులే అంటాడు. మళ్ళీ ఆయన మేలుకోని ఒక్కడే, నేను మేలుకోని ఒక్కదాన్నే." చేత్తో తడిమి నా మోచెయ్యి పట్టుకుంది. "ఆయన నమ్మినాడంటారా మేడం? మీకేమన్నా చెప్పినాడా?"

నాకు ఆ చీకటి గది గుర్తుకొచ్చింది. ఆమెకి మాత్రం చెప్పబాకండి అన్న గొంతు గుర్తుకొచ్చింది. ఆయనకు తెలుసమ్మా, మీరిద్దరూ ఒకరి కోసం ఒకరు అలా కూర్చున్నారు అని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అబద్ధం చెప్పడం నాకు రాదు, ఎప్పుడూ దొరికిపోతాను. ఆ రోజు మాత్రం దొరకలేదు.

"నమ్మాడమ్మా" అన్నాను. "చివరిదాకా నమ్మాడు."

ఆమె ముఖం ఎలా మారిందో చూశాను. ఆ ముఖం చూడండమ్మా అని ఆయన అన్నది దీన్నేనని తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు కనపడదు కదా అని ఏడ్చాను. ఆమె నా మోచెయ్యి వదల్లేదు.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారుతుంటే ఆమె నన్ను లేపింది. ఆమెకు అది పడుకునే వేళ. అయినా ముఖం కడుక్కుని, దువ్వుకుని సిద్ధంగా ఉంది. నేను చెయ్యి పట్టుకుని నడిపించబోయాను కానీ నిజానికి ఆమే నన్ను తీసుకుపోయింది. దిబ్బ ఎక్కాక ఊరి వైపు తిరిగింది. తన కుడిపక్కన చేత్తో ఇసక చదును చేసి అక్కడ ఎవరూ కూర్చోకుండా వదిలేసి, నన్ను ఎడమపక్కకు రమ్మంది. జడ ముందుకు వేసుకుంది. వల లాగేవాళ్ళు మమ్మల్ని చూసి ఏమీ అనలేదు.

సూర్యుడు లేచినట్టు నాకు నా నీడను బట్టి తెలిసింది. మా ముందు ఇసకలో రెండు నీడలు పొడుగ్గా ఊరి వైపు సాగాయి. కాసేపటికి వీపు వెచ్చబడింది. మబ్బు తునక కూడా లేని పొద్దు అది.

"అడగండమ్మా" అంది ఆమె.

"ఏమని?"

"ఆయన అడిగేది. ఒక్కసారి అడగండి, చాలు. ఎవురూ అడక్కపోతే ఏం చెయ్యాలో తెలీడంలా నాకు."

నేను పైట మీది ఇసక దులుపుకున్నాను. ఆ చప్పుడుకు ఆమె వీపు నిటారుగా చేసుకుంది.

"వచ్చిందా అమ్మా?"

ఎప్పుడూ చెప్పే మాట చెప్పడానికే నోరు తెరిచింది. కుడిచెయ్యి పక్కనున్న ఖాళీ ఇసక మీద పెట్టి, మెల్లగా తడిమింది.

"లేదమ్మా" అంది చివరికి. "రాలా."